కొబ్బరిపాల రొయ్యలు... మా అమ్మ వండినవి

నా చేతిరాత బాగుండదు. కాగితం మీద రాసి, ఫోటో తీసి ఈ వంటల గ్రూపులో పెడుతున్నాను. ఊరి బళ్ళో ఐదో తరగతితో ఆగిన చదువు... ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. మన్నించి చదవండి.

మా చిన్నప్పుడు... కాలవలో రొయ్యలు పడ్డ రోజున అమ్మ పొయ్యి దగ్గరికి ఇంకెవరినీ రానిచ్చేది కాదు. కొబ్బరి కోరి, రోట్లో రుబ్బి, గుడ్డలో వేసి పిండేది. మొదట దిగిన చిక్కటి పాలు పక్కన పెట్టేది. మళ్ళీ నీళ్ళు పోసి పిండిన పల్చటి పాలలో రొయ్యలు ఉడికించేది... తలకాయలతో సహా. పొయ్యి మీంచి దాక దించాకే చిక్కటి పాలు పోసేది.

"పొయ్యి మీద పోస్తే విరిగిపోతాయిరా. తలకాయ పారెయ్యకు, చీకు. రుచంతా అందులోనే ఉంటది."

మా అబ్బాయి కూడా బడి వయసు దాకా ఆవిడ దగ్గరే పెరిగాడు. వాళ్ళమ్మకి అప్పట్లో ఒంట్లో బాగుండేది కాదు. నానమ్మ ఒళ్ళో కూర్చుని ఆ తలకాయలు చీకుతుంటే వాడి గడ్డం మీంచి పులుసు కారేది... నా కళ్ళతో చూశాను.

తర్వాత వాడు కంప్యూటర్ ఉద్యోగానికి సింగపూర్ వెళ్ళాడు. ఐటీ వాళ్ళని పిలిచి ఉద్యోగాలిచ్చిన రోజులు. నా భార్య పోయాక నన్నూ తీసుకెళ్ళాడు. సెంగ్‌కాంగ్‌లో ఫ్లాటు. వంటకి లోర్నా అని ఫిలిప్పీన్స్ ఆవిడ ఉండేది.

ఒక శనివారం చాంగీలో తన ఆఫీసులో పనిచేసే తెలుగు స్నేహితుల్ని భోజనానికి పిలిచాడు. లోర్నా వాళ్ళ దేశపు కూర చేసింది. గుమ్మడి ముక్కలు, పొడుగు చిక్కుళ్ళు, తలకాయలతో సహా రొయ్యలు. పొయ్యి ఆపేసి, చివర్న చిక్కటి కొబ్బరిపాలు పోసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు ఒళ్ళు జల్లుమంది.

నలుగురిలో నోరు విప్పే అలవాటు లేదు నాకు. ఆ రోజు మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోగానే అనేశాను.

"అచ్చం మా అమ్మ వండినట్టే ఉంది."

"అంకుల్, మీ అమ్మగారిది మనీలానా ఏంటండీ?" అన్నాడు ఒకాయన. అంతా గొల్లున నవ్వారు.

"నాన్నకి అంతేనండీ. నూడుల్స్ పెట్టినా మా నానమ్మ చేసిందే అంటారు" అన్నాడు మా అబ్బాయి.

"తాతా, దిస్ వన్ లోర్నా ఆంటీస్ రెసిపీ లా!" అంది మనవరాలు, అక్కడి పిల్లల యాసలో.

లోర్నా వంటింట్లోంచి తొంగి చూసి, "నాట్ నైస్, అంకుల్?" అంది. వాళ్ళు నవ్వింది తన కూర చూసే అనుకున్నట్టుంది. అది కాదని చెప్పడానికి నాకు ఇంగ్లీషు లేదు. మళ్ళీ ఆ కూర ఆవిడ చెయ్యలేదు.

అందరూ వెళ్ళాక వాణ్ణి అడిగాను. "నానమ్మ పెట్టింది గుర్తులేదట్రా? తలకాయలు చీకేవాడివి..."

"నేనా? ఛ... లేదు నాన్నా. మన ఊళ్ళో రొయ్యలు కొబ్బరిపాలతో ఎవరు వండుతారు? మీరేదో కలిపేసుకుంటున్నారు."

వాడు అబద్ధం ఆడలేదు. మొహం చూస్తే తెలిసింది. అబద్ధమైతే కోప్పడేవాణ్ణి, అంతటితో పోయేది. వాడికి నిజంగానే గుర్తు లేదు... ఆ ఒడి, ఆ ముద్దలు, ఏదీ లేదు.

లోర్నా ఎప్పుడో వెళ్ళిపోయింది. నేనూ తిరిగొచ్చేశాను. మనవరాలు ఇప్పటికీ ఆ కూర ఎక్కడ తిన్నా లోర్నా ఆంటీ కూర అనే అంటుందట. ఆ పిల్లని అని ఏం లాభం... తిన్నవాడికే గుర్తులేదు. ఇక మిగిలింది నేనొక్కణ్ణి. ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది, అమ్మ నిజంగా అలా వండేదా అని.

మీలో ఎవరైనా చిన్నప్పుడు అమ్మ చేతి కొబ్బరిపాల రొయ్యలు తిని ఉంటే, ఏ ఊరో, ఎలా వండేవారో రెండు ముక్కలు రాయండి. ఆలస్యం చెయ్యకండి. వాడికి చూపించాలి.