పంచనామా ఏదీ?

శ్రీకాకుళం కోర్టులో నేను జూనియర్‌గా చేరిన ప్లీడరు గారిది ఎప్పుడూ ఒకటే మాట: "పంచనామా ఏదీ?" పోలీసులు ఎవరి ఇల్లు సోదా చేసినా, ఇద్దరు మధ్యవర్తుల సంతకాలు లేకపోతే ఆ కాగితాన్ని బల్లమీద విసిరికొట్టేవారు.

ఒకరోజు ఆయన ఫోనుకే, దాన్ని తయారుచేసిన కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది. ఏదో ప్రభుత్వం తరఫువాళ్లు మీ ఫోనులోకి దొంగదారిన చొరబడి ఉండొచ్చని. అనుమతి ఎవరిచ్చారని సమాచార హక్కు కింద అడిగారు. "దేశ భద్రత దృష్ట్యా చెప్పలేం" అని జవాబు. అప్పీలు చేస్తే అదే వాక్యం, తేదీ మాత్రం మారింది.

"ఒరే, పర్మిషనిచ్చినోలూ ఆపీసర్లే, అది కరస్టో కాదో సూసినోలూ ఆపీసర్లే! మద్దిన జడ్జీ ఏడిరా?" అని నామీద అరిచారు, అదేదో నేనే చేసినట్టు.

మర్నాడు ఈ ఫోను సంగతి విని చేపలమ్మే ముసలావిడ వచ్చింది. స్టేషన్లో దెబ్బలు తిన్న కొడుకు తరఫున అంతకుముందే మా చేత కేసు వేయించింది. సాక్షుల పేర్లన్నీ అప్పట్లో ఆయనకు ఫోన్లోనే చెప్పింది.

"బాబూ, నాను సెప్పిన పేర్లు ఆల్లకి తెలిసిపోనాయేటి?"

"తెలీదమ్మా" అన్నారాయన. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

తర్వాత తెల్లకాగితం తీసి, తన ఫోను సోదాకు తనే పంచనామా రాశారు. మధ్యవర్తులుగా ఆవిడ వేలిముద్ర, నా సంతకం. సోదా చేసిన అధికారి పేరుండాల్సిన చోట గీత గీసి వదిలేశారు.

ఇప్పుడాయన లేరు. కాగితం నా బీరువాలో ఉంది. ఆ గీత మీద ఇప్పటికీ పేరు లేదు.