తెలియని వయసుకు సున్నా

మా కంప్యూటర్ మేడం ఆదివారం పొద్దున పోయారు. లాలాగూడ నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. వస్తుందని భయపడుతున్న కబురే.

రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల కొట్టు పైగదిలో ఆవిడ మాకు జావా నేర్పేవారు. మీరు నవ్వుతారేమో గానీ, మా ప్రోగ్రాములకు పరీక్ష పెట్టేది గది ఊడ్చే ఆయమ్మ. మేడం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె ఏం చెబితే అది టైపు చేసేవారు. నా మొదటి ప్రోగ్రాం వయసు అడిగింది.

"నాకేం తెల్సు బిడ్డా? పెద్ద వానలు పడ్డప్పుడు పుట్టిన్నంట," అంది ఆయమ్మ.

మేడం 'పెద్ద వానలు' అనే కొట్టారు, ఇంగ్లీషు అక్షరాల్లో. అంకె కోసం కాచుకున్న నా ప్రోగ్రాం స్క్రీన్ నిండా ఏదేదో కక్కి ఆగిపోయింది.

మర్నాడు తెలివిగా వెళ్ళాను. అంకె కానిది వస్తే పట్టుకునేలా ట్రై, క్యాచ్ రాసి, పట్టుకున్నచోట వయసుకు సున్నా వేసేశాను. ప్రోగ్రాం ఆగలేదు. ఆయమ్మ వయసు సున్నా అని చూపించింది. నేను పొంగిపోయాను. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపం వస్తే ఆవిడ చేసే పని అది.

"అమ్మాయ్, నిన్న ఆగిపోయిందే నయం. ఇవాళ అబద్ధం రాసిపెట్టావు. తెలియకపోతే మళ్ళీ అడగాలి."

మళ్ళీ అడిగేలా రాసేదాకా ఇంటికి పోనివ్వలేదు. ఆవేళ ఆవిడ మీద ఒళ్ళు మండింది. ఇవాళ నేను తినే అన్నం ఆ తిట్ల పుణ్యమే.

అంతకు మూడు రోజుల ముందు, గురువారం, ఆసుపత్రిలో ఆవిడ పక్కనే ఉన్నాను. నర్సు వచ్చి, "అమ్మా, నొప్పి పదికి ఎంతుంది? నంబర్ చెప్పున్రి," అంది. మేడం పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. నర్సు చార్టులో సున్నా వేసింది. ఆ అంకెను బట్టే నొప్పికి ఇంజెక్షన్ ఇస్తారు. నేను చార్టుకు చెయ్యి అడ్డం పెట్టాను.

"సున్నా ఏంటమ్మా? ఆవిడ చెప్పలేకపోతున్నారు!"

"ఖాళీ పెడితే డాక్టర్ పరేషాన్ చేస్తడక్కా. సరే, మీరే జెర అడిగి చెప్పున్రి."

వంగి అడిగాను. మళ్ళీ అడిగాను. మూడోసారికి ఆవిడ దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీశారు. వేళ్ళు సగం ముడుచుకునే ఉన్నాయి. మూడో, ఐదో, నన్ను దగ్గరికి రమ్మనడమో అర్థం కాలేదు. నర్సు తను వేసిన సున్నాను అడ్డంగా కొట్టేసి, పెన్ను పట్టుకుని నా వైపే చూస్తోంది.