ఆస్పత్రి వాయిదా

తెనాలిలో రేపల్లె రైలెక్కాను. ఎదుట ఒకామె, ఆమె పక్కన ముప్పై ఏళ్ల మనిషి.

“జైలు నుంచి వస్తున్నానండి మామ్మగారూ,” అని అతనే చెప్పాడు. “మనసుకి జబ్బు చేసి గొడవపడ్డాను. బెయిలిచ్చారు. ఈ అక్క నాలాంటోళ్లకి వైద్యం చేయిస్తదండి.”

“మందులాపితే మళ్లీ జైలే,” అందామె. “బుధవారం తెనాలి ఆస్పత్రికి రావాలి తమ్ముడూ.”

“కుదిరితే వస్తానక్కా.”

“కోర్టు వాయిదాకీ కుదిరితేనే వెళ్తావేంటి?”

“అమ్మో, తప్పితే వారెంటేగా!”

“ఇదీ వాయిదానే. ఆస్పత్రి వాయిదా.”

అతను నవ్వి తలూపాడు.

తేదీల మాటొస్తే నేను ఊరుకోలేను. “కోర్టు ఎప్పుడు నాయనా?” అన్నాను.

“పద్నాలుగునండి, బాపట్లలో.”

“బుధవారమే పద్నాలుగు.”

ఆమె నాలుక కరుచుకుని, అక్కడికక్కడే ఆస్పత్రికి ఫోన్ చేసి గురువారానికి మార్పించింది.

వేమూరులో ఇద్దరూ దిగారు. అతను కిటికీ దగ్గరికొచ్చి, “బుధవారం బాపట్ల, గురువారం తెనాలి. సరేనా మామ్మగారూ?” అని పాఠంలా అప్పజెప్పాడు.

“సరే నాయనా, ఏదీ తప్పకు,” అన్నాను.

ఇంటికెళ్లాక క్యాలెండర్‌లో ఆ గురువారానికి సున్నా చుట్టాను. ఏడాదిగా వాయిదా వేస్తున్న నా కంటి పరీక్షకు కూడా ఒక వాయిదా రాసుకున్నాను.