ఎనిమిదో ఫొటోలో తలుపు

మా ముత్తాత తాళ్ళూరి రంగయ్య శెట్టి మద్రాసులో మిరపకాయల టోకు వ్యాపారి. మావాళ్ళలో ఎవరింట పెళ్ళయినా మొదటి తాంబూలం ఆయనకే ఇచ్చేవారు. తాత సుబ్బరాయ శెట్టి ఎదురొస్తే బ్యాంకు మేనేజరు కూడా పక్కకు తప్పుకునేవాడు. మా నాన్న సంగతి చివర్లో చెబుతాను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. అలాంటివే ఉంటే మా ఇంట తిని మమ్మల్ని ముంచినవాళ్ళను ముందు పట్టేవి. వాళ్ళంతా సుఖంగా పోయారు.

1998లో ఉత్తర మద్రాసులోని ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో నేను గుమాస్తాను. ఆ కాలేజీ పాత భవనం ఒకప్పటి మా ఇల్లే. అక్కడ ఎవరికీ చెప్పలేదు. నా మీద జాలిపడటానికి వాళ్ళెవరు?

ఆ ఏడు యాజమాన్యం ఒక సీడీ చేయించింది. కంప్యూటర్ ముందు కూర్చుని మౌసు కదిలిస్తే కాలేజీలో గదిగదికీ తిరుగుతున్నట్టు కనబడాలి. ఏ గది ఫొటోలు ఏ రోజు, ఏ గంటకు తీయాలో పట్టిక వేసే పని నాకు పడింది. గది ఖాళీగా ఉండాలి, వెలుతురు చాలాలి, ప్రిన్సిపాల్ గారి కోసం రాహుకాలం తప్పాలి. మా తాత కూర్చుని పంచాయితీలు తీర్చిన హాలుకు బుధవారం పొద్దున పది గంటలని రాశాను.

ఫొటోగ్రాఫర్ డేవిడ్ తిరువొత్తియూరు తెలుగువాడు. ఇంట్లో మాట తెలుగు, చదివింది తమిళం. హాలు నడుమ స్టాండు నిలిపి, కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ పన్నెండు ఫొటోలు తీశాడు. ఒక్కొక్కదానికీ పట్టికలో టిక్కు పెట్టాను. హాల్లో మేమిద్దరమే ఉన్నాం.

శనివారం అతను ఫొటోలు, నెగటివ్‌లు తెచ్చి నా బల్ల మీద వరసగా పరిచాడు.

“ఏం సార్, ఈడ తలుపుండాది. ఆ పొద్దు నా కంటికి గోడే గదా అగపడింది?”

ఏడో ఫొటోలో నోటీసు బోర్డు సగం ఉంది. ఎనిమిదో దాంట్లో మిగతా సగం ఉండాలి. దాని చోట రెండు రెక్కల టేకు తలుపు ఉంది, ఒక రెక్క తీసి. తొమ్మిదిలో మళ్ళీ గోడే. నెగటివ్ ఎక్కడా తెగలేదు, మూడూ ఒకే పట్టీలో పక్కపక్కనే ఉన్నాయి. తలుపు ముందు నేలబండకు ఉన్న పగులు కూడా ఇప్పటి పగులే.

ఆ తలుపు నాకు తెలుసు. పదేళ్ళ వయసు దాకా రోజూ అందులోంచే భోజనానికి వెళ్ళాను. ద్వారబంధం పైన చెక్కిన తెలుగు అక్షరాలు ఫొటోలో తేటగా కనబడుతున్నాయి.

ప్రిన్సిపాల్ గారు వచ్చి చూశారు. ఆయన తమిళులు. ఏమి రాసి ఉందని డేవిడ్‌ను అడిగారు. డేవిడ్ నావైపు తిరిగాడు.

“నాకు తెలుగు చదవను రాదు. మీకొచ్చు గదా సార్, చెప్పండి.”

అక్కడ ఉన్నది మా ముత్తాత పేరు. అది చదివితే ఆ ఇల్లు ఎవరిదో చెప్పాలి. ఆ ఇంట్లోనే ఇప్పుడు ఒకరి కింద జీతానికి ఉన్నానని నా నోటితో ఒప్పుకోవాలి.

“సుస్వాగతం అని” అన్నాను.

ఏదో కల్యాణ మండపం ఫొటో కలిసిపోయిందని ప్రిన్సిపాల్ గారు నవ్వి, దాన్ని చించి బుట్టలో పడేశారు. మరో బుధవారం అదే గంటకు మళ్ళీ తీయించాం. ఈసారి గోడే పడింది.

నెగటివ్ డేవిడ్ దగ్గరే ఉండిపోయింది. అడుగుదామనుకున్నాను. ఎందుకని అడుగుతాడు. అడగలేదు.

కెమెరాలోకి ఆ తలుపు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే. ఇల్లు అమ్మడానికి మూడేళ్ళ ముందే మా నాన్న ఆ గుమ్మాన్ని ఇటుకలతో మూయించి, తలుపును ద్వారబంధంతో సహా ఊరి శివార్లలో మనలి వెళ్ళే దారిలోని పాతకలప కొట్టుకు అమ్మేశాడు.