కుడివైపు కింది మూల

పొద్దున్నే ఫోను చూడొద్దని కళ్ల డాక్టరు ఎంత చెప్పినా వినే రకమా మనం! మొన్న ఒక చేతిలో చాయ్ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని గడప దగ్గర కూర్చున్నాను. హనుమకొండలో ఒకప్పుడు మేం చదువుకున్న చిత్రకళా కళాశాల పాత విద్యార్థులంతా కలుస్తున్నారని, తప్పకుండా రావాలని ఆహ్వానపత్రం వచ్చింది. అక్షరాల వెనక ఒక బొమ్మ వేశారు. నీలం, తెలుపు చారల నడుమ మెట్లు మెట్లుగా దిగే జంపఖానా నమూనా. కుడివైపు కింది మూలలో మాత్రం నీలం కాస్తా నలుపులోకి తిరిగింది. ఆ మూల కంటబడగానే చాయ్ గ్లాసు గడప మీద పెట్టేశాను. బొమ్మ కింద నా పాత స్నేహితురాలి పేరు ఉంది. కానీ ఆ బొమ్మ నాది.

ఈ సంగతి మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు నేను. చెప్తే, పోనీలే, ఎప్పటి మాటో అనేస్తాడని భయం. మన వయసువాళ్లకు తెలుసు కదా, కొన్ని సంగతులు ఎన్నేళ్లయినా ఎప్పటి మాటో కావు.

మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో సగం మగ్గానికి, సగం మనుషులకు. నాయిన జంపఖానాలు నేసేవాడు, అమ్మ దారం కండెలు చుట్టేది, మేం పిల్లలం ఆ చప్పుడులోనే నిద్రపోయి ఆ చప్పుడుకే లేచేవాళ్లం. బళ్లో నేను గీసిన బొమ్మలు ఎవరో చూపిస్తే చూసి, ఆ కళాశాలలో పాఠాలు చెప్పే సారు మా ఇంటిదాకా నడిచొచ్చి, మగ్గం గుంట పక్కన పీట మీద కూర్చుని నాయినను ఒప్పించారు. ఒక సారు తన ఇంటికి రావడమే నాయినకు పెద్ద గౌరవం. ఆయన్ను నేను దేవుడిలా చూశానంటే అందులో వింతేముంది?

కళాశాల రోజులంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది ఖిలా వరంగల్ ఎండ. వారానికోసారి బోర్డులు చంకన పెట్టుకుని అక్కడి రాతి తోరణాల దగ్గరికి వెళ్లి, నీడ దొరికిన చోటల్లా చతికిలబడి గీసేవాళ్లం. రాయిని గీయకండి, రాయి మీద పడ్డ ఎండను గీయండి అనేవారు సారు. మాకేమో ఆ ఎండ నెత్తి మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు! బతుకమ్మ నాడు కళాశాల ఆవరణలో తంగేడు పూలకు దీటుగా రంగు కాగితాల పూలు చేసి పేర్చి, వరండా అంతా జిగురు చేసి, ఊడ్చే అమ్మ చేత తిట్లు తిన్నది కూడా మేమే.

మేమంటే నేనూ, ఆ స్నేహితురాలూ. వాళ్ల నాన్నకు వరంగల్ బజారులో పెద్ద బట్టల కొట్టు. కొట్టు ఎంత పెద్దదైనా ఆమెకు మా అమ్మ చేసే పచ్చిపులుసు మీదే ప్రాణం. సెలవు దొరికితే చాలు మా ఇంట్లో తేలేది, మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని నాయినను లక్ష ప్రశ్నలు అడిగేది, అమ్మ చేతి ముద్దలు నాకంటే ముందు తనే తినేది. ఇద్దరిదీ ఒకటే రంగుల డబ్బా. నీది, నాది అన్న మాటే ఉండేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆ మాట ఆమె మరీ నిజమని నమ్మేసినట్టుంది.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు సారు ఒకటే మాట చెప్పారు, మీ ఇంట్లో ఉన్నదాన్నే బొమ్మ చేయండని. వార్షికోత్సవం నాడు అందరి బొమ్మలూ గోడలకు పెడతారు. వాటిలో మేటిదని ఎంచిన బొమ్మ ఎవరిదైతే వాళ్లను పైచదువుకు హైదరాబాద్ పంపిస్తారు. ఇంట్లో నాయిన కూడా ఒకటే మాట చెప్పాడు.

"ఆ సీటొస్తే పో బిడ్డా, నేనడ్డం రాను. రాకుంటే మాత్రం మగ్గం మీద కూసోవాలె. మల్ల ఏడ్వద్దు."

ఇక చూడండి నా పట్టుదల! ఎన్ని కాగితాలు చింపానో. చివరికి మగ్గం మీద సగం నేసిన జంపఖానానే పెద్ద షీటు మీదికి ఎక్కించాను. దారం తర్వాత దారం, మెట్టు తర్వాత మెట్టు. సారు రోజూ వచ్చి నా వెనక నిలబడి చూసి, భుజం తట్టి పోయేవారు. అంతా అయిపోవచ్చిందనగా నీలం రంగు నిండుకుంది. మళ్లీ ఎంత కలిపినా పాత నీలం రాదే! షీటు చుట్టుకుని ఏడుపు మొహంతో ఇంటికొస్తే నాయిన నవ్వాడు. అద్దకం దారం తక్కువపడితే మా ఇంట్లో ఏం చేస్తారో అదే చెప్పాడు.

"తేడా వచ్చిన చాయను అక్కడోటి ఇక్కడోటి చల్లకు. అంతా ఒక్క మూలకు చేర్చు. చూసెటోడు కావాలనే పెట్టిండ్రనుకుంటడు."

అంతే, మిగిలిన నీలంలో నల్ల ఇంకు కలిపి కుడివైపు కింది మూలంతా నింపేశాను. నా బొమ్మకు అందం వచ్చిందే ఆ మూలతో.

సరిగ్గా ఇచ్చే రోజుకు నాకు కామెర్లు. మంచం మీంచి లేవలేని స్థితి. స్నేహితురాలు వచ్చి, నుదుటి మీద చేయి వేసి, కళ్లలో నీళ్లు పెట్టుకుని మరీ అంది, "నువ్వు జర పండుకోవే, ఏం ఫికర్ చెయ్యకు. రెండూ నేనే ఇచ్చొస్త." అమ్మ షీటును పాత చీరలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. పేరు రాయాలన్న ఆలోచన నాకు రాలేదు, అమ్మకూ నాయినకూ అసలే రాదు. మా వాడకట్టులో జంపఖానా మీద నేసినవాళ్ల పేరు ఎవరు రాసుకున్నారు గనక! నేసి, మడతపెట్టి, ఇచ్చేయడమే మాకు తెలిసింది.

వార్షికోత్సవం నాటికి కాస్త నడవగలిగాను. నాయిన ఉతికిన ధోవతి కట్టుకుని, బిడ్డ బొమ్మ చూడాలని నాతోపాటు బయల్దేరాడు. ఆవరణ నిండా షామియానా, మైకులో పాటలు, భోజనాల వాసన. లోపల గది నడిమి గోడకు నా బొమ్మ, దానికి పూలదండ, దాని పక్కన నా స్నేహితురాలి పేరు. ఆమె వచ్చిన పెద్దలకు వివరిస్తోంది. ఈ చీకటి మూల ఉంది చూడండి, ఇది నేతపని ఆడవాళ్ల మౌనమట! నాయిన చదువు రాని మనిషి, పక్కనున్న పేరు ఆయనకు తెలియదు. బొమ్మకు దగ్గరగా వెళ్లి ఆ మూలను చూసి మురిసిపోతూ అన్నాడు, "ఇది మన మూలనే గదనే!" ఆ మాట ఆమె విన్నది. విని మొహం తిప్పుకుంది.

సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన వెనక నిలబడి చూస్తుండగానే కదా గీశాను! ఆయన నన్ను చూడలేదు. షామియానా వైపు చూశారు. ఆ షామియానా, ఆ భోజనాలు ఆమె తండ్రి పెట్టించినవని నాకు తర్వాత తెలిసింది. "పేరెందుకు రాయలేదమ్మా?" అన్నారు, అంతే. దొంగతనం ఆమె చేసింది, సరే. కానీ మా ఇంటి పీట మీద కూర్చున్న మనిషి నోరు మూసుకున్నాడే, అది నన్ను ఎక్కువ కాల్చింది. ఆమె సొంతంగా గీసిన బొమ్మ ఏమైందో, నా పేరు ఏ బొమ్మ పక్కన ఉందో కూడా నేను చూడలేదు. ఆమెను వెనక మెట్ల దగ్గర నిలదీస్తే, కళ్లెత్తకుండా చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"నీకు మగ్గమన్న ఉన్నదే. ఈ సీటు రాకుంటే నాకేమున్నది?"

ఆమె హైదరాబాద్ వెళ్లింది, నేను మగ్గం ఎక్కాను. నాయినకు నిజం చెప్పలేదు, సీటు రాలేదని మాత్రం చెప్పాను. కొన్నేళ్లకు ఒక బళ్లో డ్రాయింగ్ టీచరునయ్యాను. పిల్లలు పెన్సిలు పట్టకముందే పేరు రాయండి, ముందు పేరు రాయండి అని నేను అరిచే అరుపు ఎందుకో వాళ్లకేం తెలుసు పాపం! ఆమె పెద్ద చిత్రకారిణి అయింది. ఏ బొమ్మ వేసినా కుడివైపు కింది మూల నల్లగా ఉంటుంది, అదే ఆమె ముద్ర అని పేపర్లలో రాశారు.

వెళ్లొద్దనుకుంటూనే ఆదివారం ఆ సమావేశానికి వెళ్లాను. తెల్లజుట్టు, మోకాళ్ల నొప్పులు, గట్టి నవ్వులు. సారు ఫొటోకు దండ వేశారు, నేను చేతులు జోడించలేకపోయాను. ఆమె వేదిక మీద చీకటి మూల గురించి మళ్లీ మాట్లాడింది. మౌనం ఇప్పుడు వేదన అయింది, వేదన ఇంకేదో అయింది. చప్పట్లే చప్పట్లు. భోజనాల తర్వాత చేయి కడుక్కుంటుంటే నా పక్కకు వచ్చి నిలబడింది. క్షమించమంటుందేమో అనుకున్నాను. నిజం చెప్తున్నాను, అంటే క్షమించేద్దామనే అనుకున్నాను. ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమనుకోకే. ఆ మూల అట్ల నల్లగ ఎందుకు పెట్టినవే? ఎన్నేండ్లసంది అడుగుదామనుకుంటాన్న."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బతుకంతా ఆ మూల మీద బతికిన మనిషికి ఆ మూల ఏమిటో తెలియదు! రంగు అయిపోయిందే పిచ్చిదానా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అందరికి నువ్వే చెప్తానవు గదా, నన్నడుగుతవేంది?" అని కొంగుతో చేయి తుడుచుకుని వచ్చేశాను.

వచ్చేటప్పుడు ఆటో కొత్తవాడ మీదుగా పోనిమ్మన్నాను. మగ్గాల చప్పుడు ఎక్కడో ఒక ఇంట్లో తప్ప వినపడలేదు. ఒక దుకాణంలో జంపఖానాలకు నేసినవాళ్ల పేరు, ఫొటో ఉన్న చీటీలు కుట్టి వేలాడదీశారు. మంచి పనే. నాయిన ఉంటే సిగ్గుపడి నవ్వేవాడు. ఇంటికొచ్చి ఆయన ఆఖరున నేసిన జంపఖానా తీసి పరుచుకున్నాను. దాని మీద ఎవరి పేరూ లేదు. మూలలో చాయ తేడాగా ఉంది. ఆ మూలను చేత్తో నిమిరాను. నా బొమ్మ తీసుకుంది, నా సీటు తీసుకుంది, నా ప్రాణంలాంటి స్నేహాన్నీ తీసుకుంది. మా నాయిన మాట మాత్రం ఆమెకు దొరకలేదు.