కింది అద్దం వైపే చూడమన్న లక్ష్మీరాజం మాస్టారు

లక్ష్మీరాజం మాస్టారు పరమపదించారన్న వార్త హజీరా వెళ్లే కంపెనీ బస్సులో నా చెవిన పడింది. నమ్మలేదు. బస్సు దిగి, లింబాయత్ చేరి, ఆయన వాకిట నిలిచాకే నమ్మవలసి వచ్చింది. నిద్రలోనే ప్రాణం పోయిందన్నది నిశ్చయం. వైద్యుణ్ణీ, ఇంటివారినీ వేర్వేరుగా విచారించాను. చివరి క్షణాన కెమెరా తెమ్మన్నారన్నది వినికిడి. ఆ కెమెరా పూర్వం ఏదో ఓడ కెప్టెన్‌దన్నదీ వినికిడే. తెలుగు బడిలో చిత్రలేఖనం బోధించిన ఆ మహనీయుడు యాభై దాటాక తొలిసారి కెమెరా పట్టి విజయం సాధించారన్నది మాత్రం నిర్వివాద సత్యం. సాక్ష్యం ఉధ్నాలోని మన సంఘం గోడమీద ఉంది.

తొంభైల ఆరంభంలో, మగ్గాలు ఆగిన ఒక సెలవునాడు, బతుకుదెరువుకై ఈ పరాయి ఊరికి వలస వచ్చిన మన నేత కుటుంబాలన్నీ కలిసి ఫోటో దిగాయి. చిన్న ఫిలిం కెమెరాతో తీసిన ఆ బొమ్మను గోడకు సరిపడా పెద్దది చేయించారు. ఈలోగా ఆ ఫోటోలో నిలిచిన నేతగాడు, లచ్చవ్వ భర్త, కాలం చేశాడు. ఆమె పటం ముందు నిలబడి, ఎవరో చూపిన చోట వేలు పెట్టింది.

"ముక్కు లేదు, మూతి లేదు. గీ పెసరగింజ నా పెనిమిటా?"

ఎవరూ నవ్వలేదు. "మల్లొచ్చేపారి నేను దీస్త అవ్వా. నీ ముఖం నువ్వే గుర్తువడ్తవ్," అన్నారు మాస్టారు. అప్పటికి ఆయన కెమెరా ముట్టి ఎరుగరు.

ఎరువుల కర్మాగారం ప్రయోగశాలలో పనిచేసే నన్ను తోడుగా చౌక్ బజార్‌లోని పాత కెమెరాల దుకాణానికి తీసుకెళ్లారు. పెద్ద కెమెరాల్లో వాడే చదరపు ఫిలిం ముక్క వైశాల్యం చిన్న ఫిలిం కన్నా మూడున్నర రెట్లు పెద్దది, ముఖాలు నిలుస్తాయని లెక్క చెప్పింది నేనే. దుకాణంలో అటువంటివి మూడున్నాయి. మొదటిది మడత కెమెరా. దాని తోలు తిత్తిని దీపానికి అడ్డంపెట్టి చూస్తే సూదిబెజ్జాలు మెరిశాయి. "జల్లెడల నీళ్లు దెచ్చినట్టుంటది," అని పక్కన పెట్టారు. రెండవది బరువైనది, ఒకే కటకంతో చూడడమూ తీయడమూ జరిగేది. నా సిఫారసు దానికే. మాస్టారు మీట నొక్కి నొసలు ముడిచారు.

"నొక్కంగనే చీకటైతున్నది సారూ. ఫోటో దీసే ఘడియల మనుషులే కనబడకుంటె ఎట్ల?"

లోపలి అద్దం పైకి లేవడం వల్ల, లిప్తపాటు మాత్రమేనన్నాను.

"గా జరసేపట్లనే గద అవ్వ కండ్లు మూసుడు."

రెండవదీ పక్కకు పోయింది. మూడవది జంట కటకాలది: పై అద్దంతో చూడాలి, కింది అద్దం ఫోటో తీస్తుంది, చూపు ఎన్నడూ చీకటి కాదు. తనంతట తానే నొక్కుకునే ఏర్పాటు దానిలో విరిగిందని దుకాణదారుడే హెచ్చరించాడు. "నేనుంటగద నొక్కనీకి," అని మాస్టారు దాన్నే మెడలో వేసుకున్నారు.

మరుసటి సమావేశంనాడు స్టాండుపై కెమెరా బిగించి, వంగి, "మూడో వరుస, జర ఎడమకు," అన్నారు. వరుస ఎడమకే జరిగింది. ఆయన వంగి చూసే కెమెరా పైగాజులో మాత్రం బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది కదా.

"అయ్యో, అటు గాదు!"

"మాస్టరూ, బళ్లె గూడ గిట్లనే జెప్తవా?" అని వెనుకనుంచి ఎవరో అన్నారు. గుంపంతా గొల్లుమంది. ఆయనా నవ్వి, అన్నీ సరిచేశారు. అంతలో లచ్చవ్వ అడ్డుపడింది.

"నువ్వు లేకుంటె గిది అందరి ఫోటో ఎట్లయితది? ఇటు రా బిడ్డా."

ఆయన తటపటాయించి, "నన్ను జూడొద్దు, కింది అద్దం దిక్కే జూడుండ్రి," అని ఆజ్ఞాపించి, వచ్చి ఆమె వెనుక నిలబడ్డారు.

ఫోటో పెద్దదై వచ్చిననాడు నేను భూతద్దంతో ప్రతి ముఖాన్నీ పరీక్షించాను. మసక లేదు. లచ్చవ్వ ఎవరూ చూపకుండానే తన ముఖంపై వేలు పెట్టింది. "నా మూతి గింత వంకరనా?" అని కోప్పడింది. మాస్టారు పొందిన ప్రశంసలన్నిటిలో అదే అత్యున్నతమైనది.

ఆ ఉపాధ్యాయుని స్థానం మన సమాజంలో ఇక శూన్యమే. ఆయన స్మృతికి నమస్కరిస్తూ, తేలని ఒక ప్రశ్నను నమోదు చేయడం నా విధి: తనంతట తాను నొక్కుకోని ఆ కెమెరా మీటను ఆనాడు నొక్కిందెవరు? జనం చెప్పిన పేర్లన్నీ పరిశీలించాను. ఆ పేర్లవారందరూ ఫోటోలోనే ఉన్నారు. దారిన పోయే ఆటో మనిషి అంటారు కొందరు, అతడెవరో తెలియదు. మాస్టారిని అడిగితే, "ఎవడైతేంది సారూ, చెయ్యి గదలలే," అన్నారు. ఇక అడగడానికి ఆయన లేరు. సాక్షులా, నాతో సహా ఫోటోలో నిలిచిన అందరమూ ఉన్నాం. కానీ పటం చూడండి: ఒక్క కన్నూ మూతపడలేదు, ఒక్క చూపూ కింది అద్దాన్ని వీడలేదు.