ముఖాలు వద్దు, చేతులు చాలు

మా సైన్సు టీచరమ్మ పోయేరు. పొద్దున్నే బడి ఆయా గుమ్మంలో నిలబడి, "మామ్మగారూ, మన టీచరమ్మ ఇంక లేరండీ" అంది. కామెర్లని ఆసుపత్రిలో చేరేరని తెలుసు, తిరిగొస్తారనుకున్నాను. ఏడుపు తరవాత వచ్చింది. ముందొచ్చింది భయం. నా మనవరాలికి ఇంక కాపలా ఎవరని.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే లెక్కల మేష్టారు రాస్తున్నారు. ఇది టీచరమ్మ నడిపిన ఇంటర్నెట్టు గ్రూపులో పెడతారట. చదివే మేష్టర్లూ, టీచరమ్మలూ, నా మాట కాస్త వినండి.

మాది ముక్తేశ్వరం దగ్గర పల్లె. మా అమ్మాయి కువైట్లో వంటపని చేస్తోంది. దాని కూతురు నా దగ్గర పెరుగుతోంది. టీచరమ్మ శనివారం శనివారం బస్సెక్కి అమలాపురం నెట్ సెంటరుకి వెళ్లేవారు. మా బడిలో చేసిన ప్రయోగాలు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేవారు. ఎక్కడెక్కడి పంతుళ్లో చూసి తమ బడుల్లో చేయించేవారట. కాట్రేనికోన నుంచి ఒకాయన, ఉప్పునీళ్లలో గుడ్డు తేలడం పిల్లలకెలా చూపించాలని అడిగితే, ఈవిడ అక్కడే కూచుని జవాబు రాసేరు. "చూసేరా మామ్మగారూ, మన బడికి గోడలు పోయేయి" అని నవ్వేవారు. గోడలు పోతే దొంగలొస్తారు కదమ్మా అన్నాను నేను. మాటవరసకే అన్నాను.

ఒకసారి మా పిల్ల కొబ్బరి చిప్పలతో త్రాసు చేసింది. టీచరమ్మ మురిసిపోయి, ఎర్ర రిబ్బన్ల జడలతో అది నవ్వుతున్న ఫొటో పెట్టేరు. కింద దాని పేరు, ఊరు, బడి ఫోను నంబరు రాసేరు. తల్లి గల్ఫులో కష్టపడుతోందని కూడా రాసేరు. అంతా ప్రేమతోనే.

కొన్నాళ్లకి బడికి ఫోనొచ్చింది, నన్ను పిలవమని. వెళ్లి అందుకున్నాను. ఎవడో మగ గొంతు, తేనె పూసినట్టుంది.

"అత్తయ్యగారూ, మస్కట్ నుంచి మీ అమ్మాయి సామాను పంపిందండి. చిన్నదాన్ని అమలాపురం బస్టాండుకి పంపండి. ఎర్ర రిబ్బన్లు కదా, నేనే గుర్తుపడతాను."

మా అమ్మాయి ఉన్నది కువైట్లో. "నా కూతురు మస్కట్లో ఎప్పుడుందిరా?" అని అరిచేను. టక్కున పెట్టేసేడు.

టీచరమ్మ అక్కడే ఉన్నారు. మొహం పాలిపోయింది. ఆవిడ మీద నోరు పారేసుకున్నాను. "నా పిల్ల ముఖం సంతలో పెట్టేవు కదమ్మా!" అన్నాను. ఆవిడ, "తప్పు నాదేనండి. పదండి, ఇప్పుడే తీసేద్దాం" అని అందిన బస్సు ఎక్కించేరు.

నెట్ సెంటరుకి వెళ్లేసరికి కరెంటు లేదు. ఆ చీకటి గదిలో ఇద్దరం నల్లటి తెర కేసి చూస్తూ కూచున్నాం. వీధిలో స్కూటరు ఆగితే చాలు, ఇద్దరం ఉలిక్కిపడ్డాం. కరెంటు రాగానే నేను దారిలో కొట్లో కొని కొంగున ముడేసిన ఉప్పూ మిరపకాయలూ తీసి, ఫొటో ఉన్న తెర చుట్టూ దిష్టి తిప్పడం మొదలెట్టేను.

సెంటరతను లబోదిబోమన్నాడు. "మామ్మగారూ, ఉప్పు అందులో పడితే నా కొంప మునుగుద్దండీ!"

"నా కొంప మునిగేలా ఉంటే నీ పెట్టె గోలేంట్రా!"

"తిప్పనివ్వండి బాబూ," అన్నారు టీచరమ్మ. "మామ్మగారి పద్ధతి మామ్మగారిది. అయ్యేక నా పద్ధతి నేను చేస్తాను."

ఫొటో తీసేసేరు. "ఇంక పోయినట్టేనా?" అన్నాను.

ఆయ్, పోయిందండీ అనేస్తే నేను నమ్మేద్దును. ఆవిడ అలా అనలేదు. "ఇక్కణ్ణించి పోయింది. ఈలోపల ఎవడైనా దాచుకుని ఉంటే నా చేతిలో లేదు మామ్మగారూ. నాకూ భయంగానే ఉంది."

చదువుకున్న మనిషి భయపడుతున్నానని నాతో చెప్పడం అదే మొదలు. కోపం అక్కడే జారిపోయింది.

మర్నాటి నుంచి మా పిల్లని సాయంత్రం ఇంటి గుమ్మం దాకా ఆవిడే దింపేవారు. ఎర్ర రిబ్బన్లు మాన్పించేను. గ్రూపులో అందరికీ రాసేరట, పిల్లల ముఖాలు వద్దు, పేర్లు వద్దు, చేతులు చాలని. అప్పట్నుంచి త్రాసు పట్టుకున్న చేతులు, దీపం మీద గ్లాసు బోర్లించే చేతులు, అంతే. మా పిల్ల ముఖం మటుకు కువైట్లో తల్లికొక్కర్తికే మెయిల్లో పంపేవారు. "భయపడి తలుపు మూసేస్తే పాఠం ఆగిపోతుంది. తలుపు తీసే ఉంచుదాం, గుమ్మంలో నేను కూచుంటాను" అనేవారు.

ఇప్పుడా గుమ్మంలో ఎవరూ లేరు.

మొన్న సంతాపసభకి కొత్త హెడ్మాష్టరు గారు పిల్లల్ని వరసగా నిలబెట్టేరు. ఒక్కొక్కళ్ల చేతిలో పేరూ ఊరూ రాసిన అట్ట. టీచరమ్మకి నివాళి, ఫొటో గ్రూపులో పెడతారట. ముందు వరసలో మా పిల్ల. నేను వెళ్లి కెమెరాకి అడ్డంగా నిలబడ్డాను.

"పక్కకి తప్పుకోండమ్మా, నలుగురూ చూస్తారు కదా."

"అయిదోవాడు కూడా చూస్తాడు బాబూ. తప్పుకోను."

"ఆవిడ మీద గౌరవం లేదా మీకు?"

"ఉంది కాబట్టే అడ్డొచ్చేను. అసలేం జరిగిందో ఆ లెక్కల మేష్టారినడగండి."

లెక్కల మేష్టారు అంతా చెప్పేరు. విన్నాక హెడ్మాష్టరు గారే అట్టలన్నీ తిరిగి తీసుకున్నారు.

మీ గ్రూపు ఆపొద్దు. ఆవిడ చేసిన మంచి ఆగిపోతుంది. కానీ మా పిల్లల్ని చూపించొద్దు. బడి ఫోను మోగితే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

సంతాపసభలో అట్టలు తీసేసేక తీసిన ఫొటో ఈ రాతతో పాటు పెడుతున్నారు. కొబ్బరి చిప్పల త్రాసు. ఒక చిప్పలో టీచరమ్మ మిగిల్చిన సుద్దముక్క, రెండోది ఖాళీ. చుట్టూ పిల్లల చేతులు. వాటిలో మా పిల్ల చెయ్యేదో నాకు తెలుసు.

చెప్పను.